మిట్టమధ్యాహ్నం మోగే ఫోను

ఆ ఎండాకాలం మా ఛాంబర్‌కి ఎవరు ఫోన్ చేసినా చచ్చిపోయినాయనే పలికేవాడు.

ఆయన మా అమ్మమ్మకి తమ్ముడు, నాకు చిన్నతాత. పేరు మాత్రం రాయను. పోయినవాళ్ళ పేరు మేం పలకం. పలికితే వాళ్ళు వెళ్తున్న దారిలో ఆగి వెనక్కి తిరిగి చూస్తారు. కాగితం మీద రాస్తే పరవాలేదు కదా అని ఒకసారి అడిగాను. "కాగితానికి నోరు లేదని ఎవరు చెప్పారే నీకు?" అంది అమ్మమ్మ. అందుకని ఇక్కడ ఆయన కుమంజాయి. మాలో పోయిన ప్రతివాళ్ళూ కొన్నాళ్ళు కుమంజాయే. బతికున్నవాళ్ళలో అదే పేరున్నవాళ్ళూ కుమంజాయే అయిపోతారు. మా ఊళ్ళో రొట్టెల కొట్టాయనకి పాపం చిన్నతాత పేరే ఉంది. ఆ యేడు ఆయన పుట్టినరోజు కేకు మీద కూడా కుమంజాయి అనే రాసి తినిపించాం. నోట్లో పెట్టుకోవడానికి ఆయన కాస్త జంకాడు.

మా ఊరి పేరు కెల్లీ బోరు. ఎడారి మధ్య ఆలిస్ అనే పట్నం నించి ఉత్తరంగా వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉంటుంది. మా అమ్మమ్మ పుట్టింది ఆ బోరు దగ్గరే, గాలిమర కింద, దొరల పశువుల మంద నీళ్ళు తాగుతుండగా. అమ్మమ్మ పేరు డల్సీ, దొరసాని పెట్టింది. చిన్నప్పుడు ఆవిడ దగ్గరున్న బొమ్మ పేరట. "బొమ్మ విరిగిపోయింది, నేను మిగిలాను" అంటుంది అమ్మమ్మ. పెరిగిందంతా ఆ దొరల చాకిరేవులో. జీతం పిండి, టీ, పంచదార. తమ్ముణ్ణి వీపున కట్టుకుని దుప్పట్లు ఉతికేదట. ఆయన నీళ్ళ చప్పుడుకి నిద్రపోయేవాడు, చప్పుడు ఆగితే ఏడ్చేవాడు. అందుకని ఉతకడానికి ఏమీ లేకపోయినా ఉతికిందే ఉతికేదాన్నని చెబుతుంది. అందులో సగం అబద్ధమై ఉంటుంది.

తర్వాత దొరలు పోయారు, అమ్మమ్మ సొంతంగా వ్యాపారం పెట్టింది. మా ఎడారిలో గోళీకాయంత టమాటాలు కాస్తాయి. మొక్క మీదే ఎండిపోతాయి. ఎండాక వాటి వాసన కారంగా, తియ్యగా, కాస్త పొగలా ఉంటుంది. వాటిని ఆడవాళ్ళ చేత ఏరించి, చెరిగించి, నగరాల హోటళ్ళకి అమ్మింది. చిన్నతాత టైర్లు బాగుచేసేవాడు, గాలిమరలు ఎక్కేవాడు. ఆంబ్రోస్ మామకి రోడ్డు చదునుచేసే బండి ఉంది. ఆయన అత్తగారు లోర్నా కుట్టుపని చేయిస్తుంది, ఆసుపత్రి కర్టెన్లన్నీ ఆవిడవే. ఇంతమంది ఉన్నా మా ఊరి రోడ్డు వేసే పని ఎప్పుడూ నగరం వాళ్ళకే వచ్చేది. వాళ్ళు వచ్చి, టైర్లు పగిలితే చిన్నతాత దగ్గర వేయించుకుని, దారి తప్పితే మమ్మల్నే అడిగి, రోడ్డు వేసి, ఫొటో దిగి పోయేవాళ్ళు. మొదటి వానకి ఆ రోడ్డు కూడా వాళ్ళ వెనకే పోయేది. "ఒక్కొక్కళ్ళం అడిగితే మన మాట వాళ్ళ చెవుల దాకా వెళ్ళడం లేదు. అందరం ఒకే నోటితో అడుగుదాం" అంది అమ్మమ్మ. అలా పుట్టింది మా మూలవాసుల వ్యాపార సంఘం, ఛాంబర్. అమ్మమ్మ దానికి పెద్ద. చిన్నతాత దానికి నోరు.

ఛాంబర్ నడపడమంటే లెక్కలు, సంతకాలు అనుకుంటారు. మా దగ్గర అల్లుడు అత్త మొహం చూడకూడదు, ఆవిడతో మాట్లాడకూడదు. ఆంబ్రోస్ మామ, లోర్నా ఇద్దరూ ఛాంబర్ సభ్యులే. అందుకని మా ఆఫీసు గదికి రెండు తలుపులు పెట్టించింది అమ్మమ్మ. ఆయన ఒకదాంట్లోంచి, ఆవిడ ఇంకోదాంట్లోంచి వచ్చి, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చునేవాళ్ళు.

"ఆ వెనకాయనకి చెప్పు, బండి పొగ నా బట్టల మీద పడుతోందని" అనేది లోర్నా గోడకేసి చూస్తూ.

"బట్టలు ఇంకో పక్క ఆరేసుకోమను" అనేవాడు మామ కిటికీకేసి చూస్తూ.

అమ్మమ్మ రెండు మాటల్నీ తనలోంచి పోనిచ్చి, అటు నించి ఇటు వచ్చేసరికి వాటి ముల్లు విరిచి పెట్టేది. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో, ఎవరు ఎవరికి ఎదురు పడకూడదో, ఎవరింట్లో చావైతే ఏ పని ఎన్నాళ్ళు ఆపాలో, అన్నీ ఆవిడ తలలోనే ఉండేవి. ఆ తల మీద మగవాళ్ళ టోపీ ఒకటి. తాళంచెవులన్నీ ఒక మేజోడులో వేసి నడుముకి కట్టుకుంటుంది. అమ్మమ్మ ఇంకా కనపడకముందే మేజోడు గలగలమంటుంది. అప్పుడు కుక్కలు కూడా సర్దుకుని కూర్చుంటాయి.

ఛాంబర్‌కి ఫోన్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సెల్ ఫోన్ మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకు ఎక్కితేనే పనిచేస్తుంది. అందుకని గదిలో తీగ ఫోను, పక్కన ఒక మెషీను పెట్టారు. ఎవరూ లేనప్పుడు ఫోన్ వస్తే మెషీనే బదులు చెబుతుంది, గట్టిగా, గదంతా వినపడేలా. అందులో చిన్నతాత గొంతు పట్టారు. ఆయన చొక్కా సర్దుకుని, దొరల గొంతు పెట్టి చెప్పాడు: "ఇది ఛాంబర్. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. దూరం వెళ్ళాం. తిరిగొస్తాం. మీరెవరో చెప్పండి." ఆ దొర గొంతుకి అమ్మమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వు కూడా మెషీన్లో పడింది. తీసేద్దామంటే చిన్నతాత ఒప్పుకోలేదు. "ఉండనీ అక్కా. నువ్వు నవ్వడం జనం ఎక్కడ చూడొచ్చారు?" అన్నాడు.

ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో అడిలైడ్ ఆసుపత్రిలో పోయాడు. "నువ్వెళ్ళి చూపించుకో, రోడ్డు పని సంగతి తేల్చి నేనొస్తా" అని పంపింది అమ్మమ్మ. రోడ్డు పని మాకే వచ్చింది. ఆవిడ బయల్దేరేలోపు ఆయన పెట్టెలో వచ్చాడు.

చెయ్యాల్సినవన్నీ పద్ధతిగా జరిగాయి. ఇల్లు ఖాళీ చేశారు. ఫొటోలు దాచారు. ఆయన లారీకి పచ్చి ఆకుల పొగ పెట్టి వేరే ఊరి వాళ్ళకి ఇచ్చేశారు. ఆయన భార్య నోరీన్ జుట్టు కత్తిరించుకుని, ఊరికి తూర్పున వితంతువుల గుడారాలకి వెళ్ళిపోయింది. మాట కూడా వదిలేసింది. మాలో మొగుడు పోయినావిడ చాలాకాలం నోరు విప్పదు, చేతులతోనే మాట్లాడుతుంది. నోరీన్ చేతులు భలే మాట్లాడతాయి. వేలితో వెక్కిరించగలదు కూడా.

ఛాంబర్ గదికి మాత్రం తాళం పడింది. పోయినాయన కూర్చున్న గది అది. పొగ పెట్టి ఆయన్ని సాగనంపితేగాని అందులో ఎవరూ కాలు పెట్టకూడదు. ఎప్పుడు పెట్టాలో చెప్పాల్సింది అక్కగారు, భార్య. నోరీన్ రెండు చేతులూ అమ్మమ్మ వైపు చాపింది. నీ ఇష్టమని. అమ్మమ్మ "ఇంకా కాదు" అంది. తాళంచెవి మేజోడులోకి పోయింది.

అప్పుడు మొదలైంది.

మధ్యాహ్నం మా ఊళ్ళో ఎవరూ బయటికి రారు. రేకుల మీద ఎండ చిటపటమంటుంది, నీడలు కూడా మనుషుల కాళ్ళ కిందకి దూరిపోతాయి. ఆ వేళ లోర్నా కర్టెన్ల మూట నెత్తిన పెట్టుకుని ఆఫీసు పక్కనించి వెళ్తోంది. మూసిన గదిలో ఫోన్ మోగింది. ఆగింది. లోపలనించి ఆయన పలికాడు: "ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. దూరం వెళ్ళాం. తిరిగొస్తాం." ఆ తర్వాత ఆడమనిషి నవ్వు. లోర్నా మూట అక్కడే పడేసి ఇంటికొచ్చింది. ఆ కర్టెన్లు మూడో రోజు దాకా రోడ్డు మీదే ఉన్నాయి, గాలికి లేచి పడుతూ.

మర్నాడూ మోగింది. ఆ మర్నాడూ. ఒకసారి కాదు, రెండుసార్లు. ఒకసారి మోగి, ఆయన చెప్పింది చెప్పి, ఆవిడ నవ్వి ఆగిపోయాక, టీ కాచుకునేంత సేపటికి మళ్ళీ మోగేది.

మెషీనని అందరికీ తెలుసు. మేమేం అడవిలోంచి నిన్న రాలేదు. కానీ మెషీను తనంతట తాను మోగదు. ఎవరో చెయ్యాలి. రోజూ అదే వేళకి చేసి, ఒక్క మాటైనా అనకుండా వింటున్నది ఎవరు? దానికి ఏ చదువుకున్నవాళ్ళూ జవాబు చెప్పలేదు. నేను తొమ్మిదితో ఆపేశాను కాబట్టి నన్నెవరూ అడగలేదు.

"కరెంటు కార్డు అయిపోతే అదే చల్లబడుతుందిలే" అన్నాడు ఆంబ్రోస్ మామ. మా ఊళ్ళో కరెంటుకి ముందే డబ్బు కట్టి కార్డు కొనాలి. దాన్ని బయట గోడకున్న మీటర్లో పెట్టాలి. వారాలు గడిచాయి. ఛాంబర్ మీటర్ చల్లబడలేదు. మామ వెళ్ళి చూసొచ్చాడు. "ఎవరో కార్డు పెడుతున్నారు. బతికున్నప్పుడు మన దగ్గర అగ్గిపుల్ల కూడా అడుక్కునేవాడు. ఇప్పుడు సొంతంగా కరెంటు కొనుక్కుంటున్నాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

జనం ఆ వీధి మానేశారు. తర్వాత ఛాంబర్నే మానేశారు. పని కావాలని ఫోన్ చేసిన పరాయివాళ్ళు ఆ గొంతుతో ఏదో చెప్పి పెట్టేసేవాళ్ళు. అది వినేవాళ్ళు లేరు. కుండలో నీళ్ళు ఇంకినట్టు పనులు ఇంకిపోయాయి. ఒకరోజు కౌన్సిల్ ఆఫీసరు తెల్లకారులో వచ్చి, రోడ్డు పక్క హోటల్లో చిన్నతాతని పేరుపెట్టి అడిగాడు. అందరం ఒక్కసారి నేలకేసి చూశాం. ఆయన కూడా ఏం పడిందా అని నేలకేసి చూశాడు.

"ఆయన లేరు" అంది అమ్మమ్మ.

"ఎప్పుడొస్తారు?"

"రాకూడదు" అన్నాడు మామ.

ఆఫీసరు చెప్పింది ఇదీ: గది కౌన్సిల్‌ది, ఛాంబర్‌కి వాడుకోమని ఇచ్చింది. చలికాలం మొదలయ్యేలోపు తలుపు తెరిచి, లోపల మీటింగ్ జరిగి, అది ఆయన కళ్ళారా చూడాలి. లేకపోతే ఛాంబర్ లేనట్టే లెక్క. గది, రోడ్డు పని రెండూ నగరం కాంట్రాక్టరుకి ఇస్తారు.

ఆయన వెళ్ళాక మామ చాలాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. "అక్కా, తలుపు తియ్యి. ఇంత కష్టపడి కట్టుకున్నది మళ్ళీ ఆ టైర్లు పగిలేవాళ్ళకే పోతుంది."

"ఇంకా కాదు."

"ఇంకో మాట చెప్తా, కోప్పడకు. లోపల నవ్వేది నువ్వు. నువ్వు ఇక్కడ కూర్చుని నాతో మాట్లాడుతున్నావ్, నీ నవ్వు ఆయన దగ్గరుంది. పోయినవాళ్ళు ఒంటరిగా వెళ్ళలేక తోడు పట్టుకుంటారని మనకి చెప్పింది నువ్వేగా. నువ్వు మునుపట్లా నవ్వి ఎన్నాళ్ళైందో చూసుకున్నావా?"

అమ్మమ్మ లేచి వెళ్ళిపోయింది. నేను ఆలోచించి చూశాను. ఆయన పోయాక అమ్మమ్మ నవ్వడం నేను చూడలేదు. నవ్వించడానికి నేను చెయ్యని కోతిపని లేదు. ఆవిడ టోపీలో బల్లిని కూడా పెట్టాను. బల్లిని తీసి నేల మీద మెల్లగా వదిలి, టోపీ పెట్టుకుంది.

ఆ మర్నాడు ధైర్యం చేసి మధ్యాహ్నం ఆఫీసు ఎదురుగా ఎండిపోయిన వాగులో కూర్చున్నాను. ఇసుక కాలుతోంది. ఒక్క కాకి కూడా లేదు. ఫోన్ మోగింది. లేచి పారిపోబోతూ వీధి చివరికి చూశాను. అక్కడ హోటల్ పక్కన డబ్బు వెయ్యక్కర్లేని ఫోన్ డబ్బా ఒకటుంది. అందులో ఒక టోపీ. రిసీవర్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో తాళంచెవుల మేజోడు చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించుకుని, మా అమ్మమ్మ.

ఇక్కడ గదిలో ఆయన "తిరిగొస్తాం" అన్నాడు. అక్కడ డబ్బాలో ఆవిడ తల ఊపింది. ఆవిడ వెళ్ళాక నేనూ ఇంటిదారి పట్టాను, వెనక ఫోన్ మళ్ళీ మోగితే తిరిగి చూడకుండా పరుగెత్తాను.

సాయంత్రం టమాటాల షెడ్డుకి కారులో తీసుకెళ్తూ అడిగాను. కారు నేనే నడుపుతాను, బ్రేకులు మాత్రం పక్కసీట్లోంచి ఆవిడ తొక్కుతుంది.

"ఎవరే అమ్మమ్మా నీ లవరు? మధ్యాహ్నం పూట ఫోన్లో?"

"రోడ్డు చూసి నడుపు, గలా." గలా అంటే మా దగ్గర పొద్దస్తమానం అరిచే గులాబీ రంగు పిట్ట. ఆవిడ నాకు పెట్టిన పేరు.

"ఊరందరికీ పోయినాయన పేరెత్తొద్దని చెప్పేది నువ్వే. ఫొటోలు దాయించింది నువ్వే. రొట్టెలాయనకి పేరు లేకుండా చేసింది నువ్వే. కరెంటు కార్డు కూడా నువ్వే కదా?"

మలుపు వచ్చినా ఆవిడ బ్రేకు తొక్కలేదు.

"నేను పేరెత్తలేదు" అంది చివరికి. "వినడమే. వాడు పోయేటప్పుడు నేను లేను. ఏమన్నాడో తెలీదు. నాకు మిగిలిన మాటలు అవే. రోజుకి ఒక్కసారి విని పెట్టేస్తున్నా. ఎవరికి నష్టం?"

"ఒక్కసారి ఏంటి, రెండుసార్లు చేస్తున్నావుగా?"

"ఒక్కసారే."

"రెండుసార్లు మోగుతోంది, అమ్మమ్మా. ఊరంతా వింటోంది. నేనూ ఇవాళ విన్నా. నువ్వు వెళ్ళిపోయాక మళ్ళీ మోగింది."

ఆవిడ నావైపు తిరిగింది. ఎండకి కమిలిన ఆ మొహంలో రంగు మారడం నేను అంతకుముందు చూడలేదు. తను ఫోన్ చేసి వెంటనే వెళ్ళిపోతుంది కాబట్టి రెండో మోత ఆవిడకి తెలీదు. ఆ సంగతి ఆవిడతో చెప్పే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

"అయితే వాడే" అంది మెల్లగా. "నేను చేశానని తెలిసి వాడు మళ్ళీ చేస్తున్నాడు. ఎత్తేవాళ్ళు లేక తన గొంతే తను వింటున్నాడు. ఇప్పుడు తలుపు తీసి పొగ పెడితే వాడు ఎవరికి చేస్తాడే?"

నేను అడిగింది నవ్వులాటకి. ఆ తర్వాత నేను కూడా ఆ వాగు వైపు వెళ్ళలేదు.

చలిగాలి మొదలైంది. ఆఫీసరు వచ్చే రోజు వచ్చింది. సభ్యులందరూ వచ్చారు గాని గది దగ్గరికి కాదు, వాగు ఇసుకలో చెట్టు నీడకి. ఆంబ్రోస్ మామ తూర్పుకి తిరిగి, లోర్నా పడమటికి తిరిగి కూర్చున్నారు. రొట్టెలాయన రొట్టెలు తెచ్చాడు, ఎవరో నిప్పుల్లో కంగారూ తోక కాల్చారు. అదంతా తద్దినానికి వచ్చినట్టే ఉంది.

"తలుపు తీస్తావా, తియ్యవా?" అన్నాడు మామ. "ఒక్కమాట చెప్పు అక్కా. తియ్యనంటే ఇక్కడే ఛాంబర్‌కి దణ్ణం పెట్టి లేచిపోతాం. నిన్ను కాదని మేం తలుపు పగలగొట్టం."

"ఆ వెనకాయనకి చెప్పు, ఈ ఒక్కసారికి ఆయన అన్నది నిజమని" అంది లోర్నా చెట్టుతో.

అమ్మమ్మ మేజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కో తాళంచెవినీ బట్ట మీదనించే తడుముతోంది. నా గుండెలో ఒకటే మాట: చెప్పు, చెప్పెయ్యి. ఆవిడ నోరు తెరిచింది.

గదిలో ఫోన్ మోగింది.

మిట్టమధ్యాహ్నం. అమ్మమ్మ మా మధ్యే ఉంది, ఆ రోజు చేసే ఫోను ఆవిడ చెయ్యలేదు. ఆ సంగతి నాకూ ఆవిడకీ మాత్రమే తెలుసు. మిగతావాళ్ళు ఎప్పటిలాగే భయపడ్డారు. మా ఇద్దరి భయం వేరు. ఫోన్ మోగి ఆగింది. మూసిన తలుపుల వెనకనించి చిన్నతాత దొరలా చెప్పాడు: "ఇది ఛాంబర్. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు." అమ్మమ్మ లేచి నిలబడింది. "దూరం వెళ్ళాం. తిరిగొస్తాం. మీరెవరో చెప్పండి." లోపల నవ్వు. బయట అదే మనిషి, నవ్వు లేని మొహంతో, గదికేసి రెండడుగులు వేసింది. వెళ్ళి ఎత్తేస్తుందని అర్థమైంది నాకు. చెయ్యి పట్టుకుందామని లేచాను. అలవాటుకొద్దీ వీధి చివరికి చూశాను.

"అమ్మమ్మా, అటు చూడు" అన్నాను.

ఫోన్ డబ్బాలో మనిషి ఉంది. టోపీ లేదు. కత్తిరించిన జుట్టు.

అమ్మమ్మ గది వైపు వెళ్ళలేదు. వీధి చివరికి నడిచింది. మేజోడు గలగలమంటూనే ఉంది, ఈసారి దాన్ని పిడికిట్లో పట్టలేదు. నేను వెనకే వెళ్ళాను. డబ్బాలో నోరీన్ రిసీవర్ ఇంకా చెవికే పెట్టుకుని ఉంది. అందులోనించి ఏ చప్పుడూ లేదు. మెషీను ఆవిడ మాట కోసం చూస్తోంది, ఆవిడ మాట్లాడదు.

"ఎన్నాళ్ళ నించి?" అంది అమ్మమ్మ.

నోరీన్ రిసీవర్ పెట్టేసింది. చేతులతో చెప్పింది. నువ్వు వెళ్ళేదాకా హోటల్ వెనక ఆగేదాన్ని. నువ్వు వెళ్ళాక నేను. ఇవాళ నువ్వు రాలేదు, అందుకని ముందే.

"నాకెందుకు చెప్పలేదు?"

నోరీన్ వేలు అమ్మమ్మ వైపు చూపించి, తన నోరు మూసింది. నువ్వు చెప్పావా?

ఊళ్ళో కట్టుబాటు తెలిసినవాళ్ళలో పెద్దావిడ ఒకరు, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నావిడ ఇంకొకరు. ఒక డబ్బాలో దొంగల్లా దొరికిపోయారు. తర్వాత నోరీన్ చేతులు మళ్ళీ లేచాయి. కుడి చేత్తో ఏదో పట్టుకుని లాగినట్టు చూపింది, ఇది నువ్వు. ఎడమ చేత్తో లాగింది, ఇది నేను. మధ్యలో ఖాళీ చోటు చూపించింది. ఆయన. అటు వెళ్ళలేడు, ఇటు రాలేడు. రెండు చేతులూ తెరిచేసింది. ఆ తర్వాత అరచేతులు కలిపి పైకి ఆడించింది. అది ఎవరికైనా అర్థమవుతుంది. పొగ.

అమ్మమ్మ మేజోడు ముడి విప్పి తాళంచెవి తీసింది.

పచ్చి కొమ్మలు విరిచి తెచ్చింది ఆంబ్రోస్ మామే. తలుపులు రెండూ తెరిచారు. నోరీన్ ముందు, అమ్మమ్మ వెనక, పొగలు కక్కుతున్న ఆకులతో గది నాలుగు మూలలూ ఊడ్చారు. ఆడవాళ్ళ ఏడుపు లేచింది, కుక్కలు గొంతు కలిపాయి. మెషీను మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది, మాటలు నిండిపోయాయని. అందులో పరాయివాళ్ళ కబుర్లు కొన్ని, మిగతాదంతా ఈ ఇద్దరి మౌనం. ఎవరూ వినలేదు. అమ్మమ్మ తీగ పీకింది. దీపం ఆరింది. మెషీన్ని ఆయన చొక్కాలో చుట్టి మేనమామల వైపు వాళ్ళ చేతిలో పెట్టింది, ఆయన పుట్టిన నేల మీద కాల్చమని.

సరిగ్గా అప్పుడే తెల్లకారు ఆగింది. గదిలోంచి దట్టంగా పొగ వస్తోంది. ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "మంటలా? అందరూ బయటికొచ్చారా?"

"లేదండీ, లోపలికెళ్తున్నాం" అన్నాడు మామ దగ్గుతూ. "మీటింగు."

ఆ పొగలోనే కూర్చున్నారు. అల్లుడూ అత్తా వీపులు కలిపి, అందరి కళ్ళలో నీళ్ళు కారుతూ. ఆఫీసరు కళ్ళలో కూడా కారాయి, ఆయన కళ్ళారానే చూశాడు. ఛాంబర్ నిలబడింది. ఆ రోజు చేసిన తీర్మానం ఒక్కటే: ఇక మెషీను వద్దు. ఫోన్ మోగితే బతికున్న మనిషే ఎత్తాలి.

అప్పటినించి మధ్యాహ్నాలు గదిలో అమ్మమ్మే కూర్చుంటుంది. తలుపులు రెండూ బార్లా తీసుంటాయి. మిట్టమధ్యాహ్నం ఫోన్ మోగుతుంది. ఎత్తి "ఛాంబర్" అంటుంది. అవతల ఎవరూ మాట్లాడరు. ఆవిడ పెట్టెయ్యదు. కుర్చీ వెనక్కి వాల్చి ఊరి సంగతులు చెబుతుంది. వాగు వంతెన పని ఆంబ్రోస్‌కి వచ్చిందని, లోర్నా కొత్త కుట్టుమిషను కొన్నదని, ఈ యేడు టమాటాలు సన్నగా ఉన్నా ఘాటు బాగుందని, ఈ గలా పిట్ట కారుని గుంటలో దింపిందని. నేను కిటికీలోంచి చూస్తాను. వీధి చివర డబ్బాలో నోరీన్ ఉంటుంది, రిసీవర్ చెవికి పెట్టుకుని, రెండో చేత్తో గాల్లో ఏదో జవాబు చెబుతూ. కారు సంగతి వచ్చినప్పుడు ఆ చెయ్యి నన్నే వెక్కిరిస్తుంది. ఒకరోజు అది చూసి చెబితే అమ్మమ్మ నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. మెషీన్లో ఉన్నంత లేదు.

కొన్ని రోజులు డబ్బాలో ఎవరూ ఉండరు. నోరీన్ ఆడవాళ్ళతో టమాటాలు ఏరడానికి వెళ్ళి ఉంటుంది. అయినా ఆ వేళకి ఫోన్ మోగుతుంది. మొదటిసారి అలా మోగినప్పుడు నేను తలుపు దాకా వెళ్ళి చూసొచ్చాను. ఎండలో ఖాళీ డబ్బా, తలుపు మూసి ఉంది.

"డబ్బాలో ఎవరూ లేరు, అమ్మమ్మా."

"పక్కూరి నించి ఎవరో చేసుంటారు. వచ్చి కూర్చో" అంది.

తర్వాత ఫోన్ ఎత్తింది. "ఛాంబర్" అంది. కాసేపు విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు. కుర్చీ వెనక్కి వాల్చి, వాగు వంతెన సంగతి మొదలుపెట్టింది.